మాట్లాడేది తెలుగు, చదివేది ఒడియా: క్లినికల్ ట్రయల్ సమ్మతి పత్రాన్ని మా మేనత్తకు ఎలా అర్థం చేయించాలి?

ప్రశ్న: ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, గుణుపురం, రాయగడ జిల్లా

అందరికీ నమస్కారం.

మా మేనత్తగారు గుణుపురం దగ్గరి పల్లెలో ఉంటారు. చాలా ఏళ్లుగా ఆమెకు షుగరు ఉంది. మా ప్రాంతంలో పెద్ద వైద్యం కావలసిన ప్రతివారూ చేసినట్లే మేమూ రైలెక్కి ఆంధ్ర వైపు వెళ్తుంటాం. ఈసారి ఆమెను చూసే డాక్టరుగారు, షుగరుకు కొత్తగా వస్తున్న ఒక మందు మీద అక్కడ క్లినికల్ ట్రయల్ (మందు ఎలా పనిచేస్తుందో మనుషులకు ఇచ్చి చూసే పరిశోధన) జరుగుతోందని, ఇష్టమైతే చేరవచ్చని చెప్పి, సమాచార పత్రాన్నీ సమ్మతి పత్రాన్నీ కలిపి కుట్టిన ఒక దళసరి తెలుగు ప్రతిని మా చేతికిచ్చారు. తొందరేమీ లేదని, ఇంటిల్లిపాదీ చదువుకుని తర్వాతి సారి వచ్చినప్పుడు చెప్పమని కూడా అన్నారు. ఆ మాటకు నేను ఆయనకు కృతజ్ఞుణ్ణి.

చిక్కు ఇక్కడే మొదలైంది. మా మేనత్తగారు ఇంట్లోనూ సంతలోనూ మాట్లాడేది తెలుగే. కానీ ఆమె చదువుకున్నది ఒడియా బడిలో, అదీ అయిదో తరగతి దాకా. తెలుగు అక్షరాలు ఆమెకు రావు. పోనీ ఒడియా ప్రతి అడుగుదామా అంటే, అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు గానీ, పుస్తకాల ఒడియాలో రాసిన వైద్య విషయం ఆమె మనసుకు ఎక్కదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ గంజాం, కొరాపుట్ ప్రాంతాలలో ఇలాంటి కుటుంబాలు ఎన్ని ఉన్నాయో ఇక్కడి చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

నేనే ఆ ప్రతిని చదివి వినిపించాను. నాలుగు పుటలు దాటేసరికి ఆమె నా ముఖం చూసి, "నువ్వు చదివింది ఏ భాషరా?" అని అడిగారు. నిజానికి తెలుగు బాగానే చదవగలిగిన నేను కూడా కొన్ని వాక్యాలను రెండుసార్లు చదువుకోవలసి వచ్చింది. పత్రం చివర మాత్రం "నేను ఈ సమాచారాన్ని చదివి అర్థం చేసుకున్నాను" అనే వాక్యం పక్కన ఆమె తన గుర్తు పెట్టాలని ఉంది.

ఆమె చేరాలనో, చేరకూడదనో చెప్పమని నేను అడగడం లేదు. అది ఆమె ఇష్టం. సమ్మతి పత్రం ఎంత సులభంగా ఉండాలో చెప్పే కొలమానం తెలుగుకు ఏదైనా ఉందా? ఆమెకు అర్థమయ్యే రూపంలో ఆ సమాచారాన్ని ఇమ్మని అడిగే హక్కు మాకు ఉందా? అన్నిటికన్నా ముఖ్యంగా, నా ఇష్టాయిష్టాలు అందులో కలవకుండా నేను ఆమెకు ఎలా వివరించాలి? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

---

సమాధానం: విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, బరంపురం, ఒక ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యుడు

మాస్టారుగారూ, నమస్కారం. మీ మేనత్తగారు అడిగిన ప్రశ్నను ప్రతి కమిటీ ముందూ చదివి వినిపించాలని నాకు అనిపించింది.

మన దేశంలో ఇప్పుడు అమలులో ఉన్నవి 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. వాటి ప్రకారం, పరిశోధనలో పాల్గొనేవారి హక్కులనూ క్షేమాన్నీ చూసే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, అందులో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడొకరు తప్పనిసరిగా ఉండాలి, అతడు లేకపోతే సమావేశానికి కోరం కూడా కాదు. నేను కూర్చునే కుర్చీ అది. వైద్యులు, న్యాయవాదులు చూడవలసినవి వారు చూస్తారు. పత్రం ఇంటి మనిషికి అర్థమవుతుందా లేదా అని చూడవలసినవాణ్ణి నేను. ఆ నియమాలు పత్రంలోని భాష సాంకేతికం కాకుండా, పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యేలా ఉండాలని చెప్పాయి. ఫలానా తరగతి స్థాయికి మించకూడదనే అంకె మాత్రం వాటిలో లేదు.

ఇంగ్లీషుకు అలాంటి అంకెలు ఉన్నాయి. రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇచ్చిన సూత్రం వాక్యానికి ఎన్ని మాటలో, మాటకు ఎన్ని అక్షరాలో లెక్కించి కఠినతను చెబుతుంది. అంకె ఉన్నంత మాత్రాన పని జరిగిందనుకోవడానికీ వీలు లేదు. అమెరికాలోని 114 వైద్య కళాశాలల వెబ్‌సైట్లలో ఉంచిన నమూనా సమ్మతి వాక్యాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆ వాక్యాలు సగటున పదో తరగతి దాటిన చదువు ఉంటేనే అర్థమయ్యే స్థాయిలో ఉన్నాయని, తాము పెట్టుకున్న ప్రమాణాన్ని ఆ సంస్థలే సగటున 2.8 తరగతులు మించిపోయాయని అది తేల్చింది.

ఆ సూత్రాన్ని తెలుగుకు తగిలిస్తే ఫలితం తలకిందులవుతుంది. "డాక్టరుకు చూపించుకోవాలనుకుంటున్నారు" అనే వాక్యంలోని రెండో మాటకు పదకొండు అక్షరాలు ఉన్నా పసిపిల్లవాడికి కూడా అర్థమవుతుంది. "యాదృచ్ఛికం" అనే మాటకు నాలుగే అక్షరాలు ఉన్నా ఎం.ఏ. చదివినవారు తడుముకుంటారు. ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కునే భాషలో పొడుగును బట్టి కఠినతను కొలవలేం. నా మటుకు నేను మూడు విషయాలు చూస్తాను: వాక్యం చివరి క్రియ వచ్చేలోపు వినేవాడు ఎన్ని సంగతులు మనసులో మోయవలసి వస్తోంది, చేసేవాడెవడో చెప్పకుండా "చేయబడును, ఇవ్వబడును" అని ఎన్నిసార్లు దాటవేశారు, ఇంట్లో ఎవరూ పలకని మాటలు ఎన్ని ఉన్నాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. మా ముందుకు వచ్చే పత్రాల్లో తరచుగా ఇలాంటి వాక్యం ఉంటుంది: "ఈ అధ్యయనంలో మీరు యాదృచ్ఛిక పద్ధతిన రెండు చికిత్సా సమూహాలలో ఒకదానికి కేటాయించబడుదురు మరియు అధ్యయన ఔషధమును గాని ప్లాసిబోను గాని పొందుటకు మీకు సమాన సంభావ్యత కలదు." దీన్ని నేను ఇలా మార్చమని అడుగుతాను: "ఈ పరిశోధనలో సగం మందికి కొత్త మందు ఇస్తాం. మిగతా సగం మందికి, చూడటానికి అచ్చం అలాగే ఉండే మాత్ర ఇస్తాం, కానీ అందులో మందు ఉండదు. ఎవరికి ఏది ఇవ్వాలో డాక్టరుగారు ఎంచుకోరు. కంప్యూటరు చీటీ తీసినట్లు తీసి చెబుతుంది. మీకు ఏది ఇస్తున్నామో మీకూ తెలియదు, మీ డాక్టరుగారికీ తెలియదు. మీరు ఇప్పుడు వాడుతున్న షుగరు మందులు ఆపము." ఈ చివరి వాక్యం మొదటి దాంట్లో లేనే లేదు, పత్రంలో మరెక్కడో, చాలా పుటల తర్వాత ఉంటుంది. వినేవాడికి మాత్రం "మందు ఉండదు" అన్న మరుక్షణమే పుట్టే భయానికి జవాబు అక్కడే దొరకాలి. మీ పత్రంలో పాత మందుల సంగతి ఏమని రాశారో వెతికి, మీ మేనత్తగారికి ఆ భాగంతో పాటే చెప్పండి.

---

సమాధానం: పర్లాకిమిడి స్వస్థలం, క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్

పైన అధ్యాపకులవారు చెప్పిన రెండు వాక్యాలలో మొదటి రకమే ఎందుకు మా చేతికి వస్తుందో, రోజూ ఆ పత్రాలతో పనిచేసే మనిషిగా చెప్పదలచుకున్నాను.

మందు కంపెనీ ముందుగా ఇంగ్లీషులో ఒక మూలప్రతిని తయారుచేస్తుంది. అది అనేక దేశాలకు ఒకటే కావడం వల్ల, ఎక్కడ ఏ దావా వచ్చినా నిలబడేలా న్యాయవాదులు దానికి మాటలు చేరుస్తారు. దాన్ని అనువాద సంస్థ తెలుగులోకి మారుస్తుంది. ఆ తెలుగును, మూలప్రతిని చూడని మరొక అనువాదకుడు తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తాడు. ఆ రెండు ఇంగ్లీషులూ సరిపోలితే అనువాదం సరైనదని ధ్రువపత్రం ఇస్తారు. అర్థం తారుమారు కాకుండా ఈ పద్ధతి కాపాడుతుంది, దాని అవసరాన్ని నేను కాదనను. కానీ ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట దించిన తెలుగే తిరుగు అనువాదంలో చక్కగా సరిపోలుతుంది. మన ఇళ్లలో మాట్లాడే తీరులో విడదీసి, వరుస మార్చి, వివరణ చేర్చి రాసిన తెలుగు సరిపోలదు, తేడాలున్నాయని వెనక్కి వస్తుంది. అందువల్ల అనువాదకుడికి మంచి తెలుగు రాయాలనే కోరిక ఉన్నా, ఈ పరీక్ష అతణ్ణి మూలానికి దగ్గరగా ఉండే గట్టి తెలుగు వైపే నెడుతుంది. సమ్మతి పత్రాల భాష బాగుపడాలంటే తిరుగు అనువాదంతో పాటు, ఆ భాష మాట్లాడే కొద్దిమంది సామాన్యులకు చదివి వినిపించి చూడటం కూడా తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఎథిక్స్ కమిటీ ఆమోదించిన ప్రతిలో మాలాంటివాళ్లం ఒక్క అక్షరం కూడా పెన్నుతో మార్చకూడదు. మార్పు కావాలంటే కొత్త ప్రతి తయారై, మళ్లీ కమిటీ ముందుకు వెళ్లి రావాలి. కానీ ఆ పత్రంలోని విషయాన్ని ఏ మాటల్లోనైనా, ఎన్నిసార్లయినా నోటితో వివరించడానికి ఏ అడ్డూ లేదు. అది పరిశోధకుడి బాధ్యత కూడా. కాబట్టి మీ హక్కు గురించి అడిగిన ప్రశ్నకు జవాబు అవుననే. డాక్టరుగారినో ఆయన నియమించినవారినో కూర్చోబెట్టి, మాట్లాడే తెలుగులో మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకోండి. ఒడియా ప్రతి ఉందా అని కూడా అడగండి. ఒడిశా నుంచి వచ్చే రోగులను చేర్చుకుంటున్న చోట ఆ ప్రతి ఉండటం న్యాయం.

ఇక సంతకం సంగతి. చదవలేని వ్యక్తి విషయంలో, వివరణ జరుగుతున్నంతసేపూ నిష్పక్షపాతియైన ఒక సాక్షి అక్కడ ఉండి, తానూ సంతకం చేయాలని నియమాలు చెబుతున్నాయి. మీ మేనత్తగారికి ఒడియా అక్షరాలు వచ్చినా, ఆమె ముందున్న తెలుగు పత్రాన్ని ఆమె చదవలేరు గనుక, సాక్షి ఉండవలసిందేనని నేను భావిస్తాను. ఆ సాక్షి ట్రయల్‌తో సంబంధం లేనివాడై ఉండాలి. ట్రయల్ సిబ్బందిలోని నర్సునో, రికార్డులు రాసే ఉద్యోగినో పిలిచి సంతకం పెట్టించడం సాక్ష్యం అనిపించుకోదు. నింపి సంతకాలైన పత్రం ప్రతినీ, సమాచార పత్రాన్నీ మీకు ఇవ్వడం కూడా నియమమే, కాబట్టి అడిగి తీసుకోండి.

మరొక మాట. మునుపెన్నడూ మందుగా వాడని కొత్త అణువు మీద జరిగే ట్రయల్‌లో, తమ మేలు తామే కాపాడుకోలేని బలహీన స్థితిలో ఉన్నవారిని చేర్చుకునేటప్పుడు ఈ వివరణనంతా వీడియో తీయాలి. సుప్రీంకోర్టులో ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన వ్యాజ్యం విచారణలో ఉండగా 2013లో ఈ నిబంధన వచ్చింది, 2015లో దాని పరిధిని ఇప్పుడున్న మేరకు కుదించారు. కెమెరా ముందు మా వాళ్లలో పెద్దలు బిగుసుకుపోయి, అన్నిటికీ "ఊఁ, అలాగే బాబూ" అంటారు. ఆ కెమెరా ఆమె ప్రశ్నలను కూడా భద్రపరుస్తుందని, ఆమె అడిగినదీ, దానికి డాక్టరుగారు ఇచ్చిన జవాబూ రెండూ అందులో ఉంటాయని మీ మేనత్తగారికి ముందే చెప్పి తీసుకువెళ్లండి.

---

సమాధానం: ఆరోగ్య కార్యకర్త, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

మాస్టారుగారికి నమస్కారం. మాది మహారాష్ట్ర అయినా మీ కష్టం మాకు బాగా తెలుసు. ప్రాణహిత, గోదావరి కలిసేచోట, కాళేశ్వరానికి ఎదురుగా ఉంటాం. మా ఇళ్లలో తెలుగు, మా బడులలో మరాఠీ. మా ఊళ్లలో నడివయసు ఆడవాళ్లు అక్షరాలు చదివితే మరాఠీ అక్షరాలే చదువుతారు, మాట అర్థమైతే తెలుగు మాటే అర్థమవుతుంది. లోపలి ఊళ్లలో మాడియా భాష మాట్లాడేవాళ్లకు ఈ రెండూ పరాయివే. మీ వైపు సవర, కువి మాట్లాడేవాళ్ల పరిస్థితీ అంతే అయి ఉంటుంది.

అధ్యాపకులవారు రాసిన సులభమైన వాక్యాలు నాకు నచ్చాయి. అయితే వాటిలో ఒక్కదాన్ని నేను ఒప్పుకోను. "చీటీ తీసినట్లు" అంటే మా దగ్గర చిట్‌ఫండ్ చీటీ గుర్తుకు వస్తుంది, లాటరీ గుర్తుకు వస్తుంది. చీటీ తగిలినవాడు గెలిచినట్లు, తగలనివాడు ఓడినట్లు. అలా చెబితే కొత్త మందు రావడమే అదృష్టమని వినేవాళ్లు అనుకుంటారు. ఆ కొత్త మందు పాతదానికన్నా మేలో కాదో ఇంకా తేలలేదు గనుకనే కదా పరిశోధన చేస్తున్నారు! "ఎవరికి ఏది ఇవ్వాలో మనుషులెవరూ నిర్ణయించరు, కంప్యూటరు నిర్ణయిస్తుంది, మీ జబ్బు ఎంత ఉందనే దానితోగాని, మీరు ఎవరనే దానితోగాని దానికి సంబంధం లేదు" అని చెబితే సరిపోతుంది.

మాటలు తేలికచేసినా మిగిలిపోయే చిక్కు మరొకటి ఉంది. మనవాళ్లు డాక్టరుగారు చెప్పారంటే అది తమ వైద్యం కోసమే చెప్పారనుకుంటారు. పరిశోధన అనేది తర్వాత రాబోయే రోగుల కోసం ఒక ప్రశ్నకు జవాబు వెతకడమని, అందులో తనకు మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు అని ఎంత చిన్న వాక్యంలో రాసినా, తెల్లకోటు వేసుకున్న మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఆ వాక్యం చెవిదాకా వెళ్లదు. ఇది మన పల్లెలలోనే ఉన్న సంగతి కాదు. అమెరికాలో చదువుకున్న రోగులలో కూడా ఇదే పొరపాటు అవగాహన ఉందని 1980లలోనే అక్కడి మానసిక వైద్యులు గుర్తించి రాశారు. అందుకని పత్రంలోని మిగతా అన్నిటికన్నా ముందు మీ మేనత్తగారికి తెలియవలసింది ఇది: ఆమె కాదన్నా ఆమె మామూలు వైద్యం ఆగదు, చేరిన తర్వాత మధ్యలో మానుకున్నా ఆగదు.

ఎలా వివరించాలని అడిగారు. మీరు ఒక్కో భాగం చదివి, కాగితం పక్కన పెట్టి, "అత్తా, ఇప్పుడు చెప్పింది పక్కింటి పిన్నికి నువ్వు చెప్పాలంటే ఏమని చెబుతావు?" అని అడగండి. "అర్థమైందా?" అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నకు మన ఆడవాళ్లు అర్థం కాకపోయినా అవుననే అంటారు, ఎదుటివారిని నొప్పించకూడదని. ఆమె తిరిగి చెప్పినదాంట్లో ఏది జారిపోయిందో అది మీరు సరిగా చెప్పని భాగం. దాన్నే మళ్లీ వేరే మాటల్లో చెప్పండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో కూడా, అవసరమైనచోట పాల్గొనేవారికి ఎంత అర్థమైందో పరీక్షించి చూడాలనే మాట ఉంది. 2004లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, రకరకాల పద్ధతులను పోల్చి, వీడియోలకన్నా, మెరుగుపరచిన కాగితాలకన్నా, ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఎక్కువసేపు మాట్లాడటమే బాగా పనిచేస్తోందని చెప్పింది. మా అనుభవమూ అదే.

మీ ఇష్టాయిష్టాలు కలవకూడదని మీరు అనుకోవడం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది. మా గోదావరి దిగువన, ఖమ్మం జిల్లాలో 2009లో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసేది) వేసిన అధ్యయనం గుర్తుందా? 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ టీకా మంచిచెడ్డల సంగతి వేరు. ఈరోజు ఎన్నో దేశాలు దాన్ని వాడుతున్నాయి. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదవండి: అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తల్లిదండ్రులు ఎక్కడో అడవి ఊళ్లలో ఉండగా, పిల్లల తరఫున మరొకరు సరేనన్నారు. ఆ పత్రం ఎంత తేట తెలుగులో ఉన్నా, చదవవలసిన మనిషి దాకా వెళ్లకపోతే ఎవరికి ఉపయోగం? పెద్దమనిషో, మాస్టారో, మేనల్లుడో ముందుండి దారి చూపవచ్చు, కానీ ఆమె అనుమతి ఆమె నోటి నుంచే రావాలి. వీలైతే మీరు లేనప్పుడు కూడా ఒకసారి డాక్టరుగారు ఆమెను విడిగా అడగాలి.

---

ప్రత్యుత్తరం: విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, బరంపురం

సిరోంచ సోదరి చెప్పిన అభ్యంతరం సరైనది. చీటీ పోలికను తీసివేయడమే మేలు.

పత్రం నిడివి గురించి ఒక మాట చేరుస్తాను. మన నియమాల మూడో షెడ్యూలులో పత్రంలో ఏమేమి ఉండాలో పెద్ద జాబితా ఉంది: ఇది పరిశోధన అని చెప్పడం, దాని ఉద్దేశం, ఎంతకాలం, ఏ పరీక్షలు, ఏ హాని కలగవచ్చు, వేరే వైద్యం ఏముంది, వివరాల గోప్యత, నష్టపరిహారం, ఎవరిని సంప్రదించాలి, మందు ఆశించిన ఫలితం ఇవ్వకపోవచ్చని చెప్పడం, ఇలా సాగుతుంది. వీటిలో ఏదీ తీసివేయదగినది కాదు. అయితే అన్నిటినీ ఒకే బరువుతో, ఒకే వరుసలో పరిస్తే చదివేవాడికి ఏది ముఖ్యమో తెలియదు. అమెరికా తన నిబంధనలను సవరించి, చేరాలా వద్దా అని తేల్చుకోవడానికి కావలసిన ముఖ్య విషయాలను క్లుప్తంగా పత్రం మొదట్లోనే పెట్టాలని ఆదేశించింది. 2019 జనవరి నుంచి అక్కడ అది అమలులో ఉంది. మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనలకు నీతి సూత్రాలు చెప్పే, ప్రపంచ వైద్య సంఘం 2024లో సవరించిన హెల్సింకి ప్రకటన కూడా సమాచారం తేట భాషలో ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. మా కమిటీలో నేను కోరుతున్నది ఒక్కటే: మొదటి పుటను పైకి చదవడానికే రాయాలి. సరిహద్దు జిల్లాలలో ఆ పుటను చాలామంది కళ్లతో చదవరు, ఎవరో చదివితే చెవులతో వింటారు. చెవికి రాసిన వాక్యం పొట్టిగా ఉంటుంది, దాని క్రియ త్వరగా వస్తుంది, ఎవరు ఏం చేస్తారో అందులో దాగదు. అలా రాసిన పుటను ఒడియా లిపిలోనో, మరాఠీ లిపిలోనో అచ్చువేసి తెలుగు మాటల్లోనే ఇవ్వడానికి కూడా కమిటీలు ఒప్పుకోవాలని నేను వాదిస్తాను. మీ మేనత్తగారు స్వయంగా చదువుకోగలిగే పత్రం అదొక్కటే.

---

ప్రత్యుత్తరం: ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు, గుణుపురం

మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే ఒక్కో భాగాన్ని విడదీసి చెప్పి, తిరిగి ఆమె చేత చెప్పించాను. మొదటి పుటలోని విషయాన్ని ఒడియా అక్షరాలతో తెలుగు మాటల్లో రాసి ఇస్తే, ఆమె వరండాలో కూర్చుని తానే పైకి చదువుకున్నారు. మధ్యలో ఆగి నన్ను పిలిచారు. మాత్రలో మందు ఉండకపోవచ్చనే సంగతి ఆమె బాగానే పట్టుకున్నారు. పాత మందులు ఆపరని పత్రం లోపలి పుటల్లో రాసి ఉంది, అదీ చెప్పాను. మధ్యలో మానుకోవచ్చనే సంగతి మాత్రం తిరిగి చెప్పేటప్పుడు ప్రతిసారీ వదిలేశారు. కారణం అడిగితే, "ఒప్పుకున్నాక మానేస్తే డాక్టరుబాబు ఏమనుకుంటారు?" అన్నారు. ఈ మాటకు ఏ కాగితంలోనూ జవాబు ఉండదు, డాక్టరుగారే ఆమెతో చెప్పాలి.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు నాకు తట్టనివి. రాత్రిపూట షుగరు పడిపోయి కళ్లు తిరిగితే ఎవరికి ఫోను చేయాలి, అవతల ఎత్తినవారికి మన మాట అర్థమవుతుందా? గుణుపురం ఆసుపత్రికి తీసుకువెళ్తే, తాను ఏ మందు మింగుతున్నదో తనకే తెలియనప్పుడు అక్కడి డాక్టరుకు ఏమని చెప్పాలి? మందు బాగా పనిచేస్తే, పరిశోధన అయిపోయాక కూడా ఇస్తారా? నామినీ పేరు ఎందుకు అడుగుతున్నారు, ప్రాణం మీదికి వస్తుందనా? కోఆర్డినేటరుగారు వీటికి చెప్పగలిగితే ఆమెకు వినిపిస్తాను.

---

ప్రత్యుత్తరం: పర్లాకిమిడి స్వస్థలం, క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్

అమ్మగారి ప్రశ్నలు ట్రయల్ జరిపేవారు ముందుగా ఆలోచించి ఉంచుకోవలసినవి. నాకు తెలిసినంతవరకు ఒక్కొక్కటిగా చెబుతాను.

నామినీ గడి ప్రతి ఒక్కరి పత్రంలోనూ ఉంటుంది. వయసు, చిరునామా, చదువు, వృత్తి, సంవత్సరాదాయంతో పాటు నామినీ పేరు కూడా నియమాలు నిర్దేశించిన నమూనాలోనే ఉంది. ఆమె ఆరోగ్యాన్ని చూసి ప్రత్యేకంగా పెట్టినది కాదు. ట్రయల్ వల్ల ప్రాణహాని జరిగితే నష్టపరిహారం కుటుంబానికి చేరవలసి ఉంటుంది, అందుకే ఆ పేరు. ఈ మాటను దాచకుండా ఆమెకు చెప్పండి.

ట్రయల్‌లో ఉండగా ఏ హాని జరిగినా, అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా, లేదా అవసరమున్నంతకాలం, వైద్యం ఉచితంగా చేయించాలి. రాత్రి ఫోను సంగతికి వస్తే, పత్రంలో పరిశోధకుడి నంబరూ ఎథిక్స్ కమిటీ నంబరూ ఉంటాయి. ఆ పరిశోధకుడి నంబరుకు రాత్రివేళ ఎవరు పలుకుతారో, వారికి తెలుగు వచ్చా అనేది చేరకముందే అడగండి. వీలైతే ఆసుపత్రిలో ఉండగానే ఒకసారి ఆమె చేతనే ఆ నంబరుకు ఫోను చేయించి చూడండి. పాల్గొనేవారి వెంట ఉంచుకోవడానికి, ట్రయల్ పేరూ ఫోను నంబర్లూ ఉన్న ఒక చిన్న కార్డు చాలాచోట్ల ఇస్తారు. గుణుపురం డాక్టరుగారు ఆ కార్డు చూసి ఫోను చేస్తే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆమెకు ఏ మాత్ర ఇచ్చారో విప్పి చూసే ఏర్పాటు ఉంటుంది. ఆ కార్డు మీద తెలుగు, ఇంగ్లీషుతో పాటు ఒడియా కూడా ఉండాలని అడగండి, ఎందుకంటే అర్ధరాత్రి దాన్ని చదివేది మీ ఊరి నర్సు కావచ్చు.

పరిశోధన అయిపోయాక మందు ఇచ్చే విషయంలో నియమం ఉంది గానీ, దాని పరిధి చిన్నది. వేరే వైద్యం లేని జబ్బు అయి, ఆ మందు ఆమెకు మేలు చేసిందని పరిశోధకుడు భావించి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే కంపెనీ ఉచితంగా ఇవ్వాలి. షుగరుకు వేరే మందులు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఆ నియమం ఆమెకు వర్తించే అవకాశం తక్కువ. మందు బాగా పనిచేసినా, చివరిరోజు తర్వాత అది ఆమెకు దొరకకపోవచ్చు. ఇది ఆమె ఇప్పుడే, చేరకముందే తెలుసుకోవలసిన సంగతి. కంపెనీ తనంత తానుగా ఏమైనా ఇస్తుందా అని డాక్టరుగారిని అడిగి, ఆ జవాబును కాగితం మీద రాయించుకోండి.

మధ్యలో మానుకుంటే ఏమనుకుంటారోనన్న సందేహాన్ని కూడా ఆమె చేతనే, సాక్షి ఎదుట, డాక్టరుగారిని అడిగించండి. సంతకానికి ముందు, ఆయన నోటితో, ఆమెకు అర్థమయ్యే తెలుగులో ఆ జవాబు రావాలి.